ఇరవై గ్రాములు

ఆదివారం రొయ్యల షెడ్డుకి సెలవు.
తుడిచేది నేనే కాబట్టి తాళంచెవి నా కొంగునే ఉంటుంది.
మేస్త్రి బల్ల మీది కాటాని
తువ్వాల్లో చుట్టి, క్యారేజీ సంచిలో పెట్టి
ఇంటికి తెచ్చాను.
అడగలేదు.

సబ్బు వండాలి.
పదకొండేళ్లుగా ఐసులో నానుతున్న చేతులివి.
వేళ్ల సందుల్లో తోలు పొక్కి ఊడుతుంది.
ఏ కొట్టు సబ్బుతో రుద్దినా
రాత్రి అన్నం కలుపుతుంటే
ముందు రొయ్యే పలకరిస్తుంది.

"తూకం తప్పకూడదే అమ్మా" అంటుంది నాగవర్ధని,
ఇంటర్లో కెమిస్ట్రీ ఒక్కటే ఇష్టంగా చదివిన పిల్ల.
"నూనె అరకేజీ, కాస్టిక్ సోడా ఎనభై ఏడు గ్రాములు.
సోడా ఎక్కువైందా, చర్మం తినేస్తుంది."
కూరలో ఉప్పైనా కొలిచి ఎరగను నేను.
కంటికీ చేతికీ మధ్యనే నా కొలతలన్నీ.

నూనె అంబాజీపేట గానుగది, మా తోడికోడలు పంపింది.
అల్యూమినియం డబరా తీశాను, పిల్ల లాక్కుంది.
"దీన్ని సోడా కొరుక్కు తింటుంది, స్టీలుదే కావాలి."
స్టీలుది ఉన్నది ఒక్కటే, పాల గిన్నె.
ఇవాళ్టితో దానికి పాలతో రుణం తీరింది.

నీళ్లలో సోడా పొయ్యాలి, సోడా మీద నీళ్లు కాదు.
ఆ ముక్క నాచేత మూడుసార్లు అప్పజెప్పించుకుంది.
పొయ్యి లేదు, నిప్పు లేదు,
చన్నీళ్లు తమంతట తామే పొగలు కక్కాయి.
ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పెరట్లోకి జరిగాను.
కాలవ గాలి ఆ ఘాటుని పట్టుకుపోయింది.

తర్వాత మంట మీద నీళ్ల గిన్నె, దాన్లో ఈ గిన్నె.
తిప్పడం, తిప్పడం.
ముందు చిలికిన మజ్జిగ, ఆపైన గంజి,
ఆపైన అంచులు లేచి నడిమికి మడతపడి
మెదిపిన కంద ముద్ద.
పాకం చూడ్డం నాకొచ్చండీ,
పాకుండలకి మా వీధంతా నన్నే పిలుస్తారు.
ఈ పాకం మాత్రం అంతు చిక్కలేదు.
"ఎప్పుడు దించాలే?"
"నాలుక చెబుతుంది."

వేలి కొసన రవ్వంత తీసి నాలుకకి అలా తాకించానో లేదో
చురుక్!
కరెంటు తీగ కొరికినట్టు.
అరగంట ఉడికించాం. చురుక్.
ఇంకో అరగంట. అదే చురుక్.

పిల్ల లెక్క మళ్లీ వేసింది. మళ్లీ వేసింది.
లెక్క బాగానే ఉంది.
అప్పుడు కాటా వైపు చూసింది.
ఐదు రూపాయల బిళ్ల పెట్టింది: సున్నా.
మీద ఇంకోటి: సున్నా.
కట్టు విప్పని కేజీ ఉప్పు ప్యాకెట్ పెట్టింది.
తొమ్మిది వందల ఎనభై.

గిన్నెలో బుడగ ఒకటి లేచి
తుప్‌మని పగిలింది.

ఒలిచిన రొయ్యకి కేజీల లెక్కన కదా మాకు డబ్బులు.
తూచిన ప్రతిసారీ ఇరవై.
రోజుకి నావి ముప్పై ట్రేలు,
భూలచ్చమ్మవి, మేరీ సుగుణవి,
ఏడో నెలలోనూ నిలబడి ఒలిచే దేవుడమ్మవి.
కాయితం మీద గుణిస్తానంది పిల్ల.
వద్దన్నాను. ముందు సబ్బు సంగతి చూడమన్నాను.

ఎక్కువైన సోడాకి నూనె తోడు కావాలంట.
సీసాలో మిగిలింది గిద్దెడు, వంచేశాం.
చించినాడ వంతెన మీద లైట్లు వెలిగే వేళకి
ముద్ద కరిగిన కొవ్వొత్తిలా నునుపెక్కింది.
నాలుకకి పెట్టాను.
ఏమీ లేదు.
ఒట్టి సబ్బు రుచి,
చిన్నప్పుడు తలంటుతుంటే నోట్లోకి పోయినట్టు.

రొయ్యల చెరువు వాళ్లు పారేసిన పైపు ముక్కలో కూరాం.
తెల్లారి తోసి, బిళ్లలు కోశాను.
ఒంకర, గరుకు, ఒక దాన్లో నా వేలిముద్ర.
నలుగురికీ నాలుగు కాయితంలో చుట్టాను.
కాటాని మళ్లీ తువ్వాల్లో చుట్టాను.
అన్నం గిన్నె పక్కన
ఆ ఉప్పు ప్యాకెట్ కూడా పెట్టుకున్నాను,
కట్టు విప్పకుండా.

ఏటిగట్టు మీద నడుస్తుంటే
సంచి ఓ పక్కకి లాగుతోంది.